లీడర్‌కి అప్పగించిన పని

పాలమడుగు,
నవంబరు 9.

అత్తయ్యకు,

మీ మేనకోడలు నాగలత నమస్కారాలు. ఫోన్ చేస్తే మీకు వినపడదు. మీకు వినపడేలా అరుద్దామంటే ఇక్కడ సిగ్నల్ దొరకదు. కనుక మీ పాత పద్ధతికే వచ్చాను. ఇక్కడి పోస్టు సంచీ జూలూరుపాడుకు ఎప్పుడు కదులుతుందో ఆ పోస్టు చూసే ఆయనకే తెలియదు. ఇది మీకు అందినప్పుడే అందినట్టు.

మధిర దగ్గర హాయిగా పనిచేసుకుంటున్నదాన్ని బదిలీల్లో తెచ్చి ఈ అడవి అంచున పడేశారని మీకు తెలిసిందే. వచ్చి నాలుగు నెలలైంది. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు భౌతికశాస్త్రం నాదే. లెక్కల సారు లేరు కాబట్టి అవీ నావే. ఎనిమిది, తొమ్మిది ఎలాగో నెట్టుకొస్తున్నాను. పదో తరగతే నన్ను ఏడిపిస్తోంది.

అల్లరి చేసి కాదు. అల్లరి చేస్తే సంతోషించేదాన్ని. "అర్థమైందా?" అంటే "అయింది మేడం" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు. ఏమర్థమైందో చెప్పమంటే తలలు బెంచీల్లోకి దూరిపోతాయి. సగంమంది మధ్యాహ్న భోజనం కాగానే కునికిపాట్లు పడతారు. రాత్రిళ్ళు చేలకు కావలి పోయి వస్తారట. నిద్రపోయే పిల్లను లేపి ఓమ్ నియమం చెప్పమంటే నాకే సిగ్గుగా ఉంటుంది. ఫోన్లో మొహం చూపించి హాజరు వేసుకోవాలి కదా, దానికి నెట్ కోసం నేను ఫోను పైకెత్తి గ్రౌండంతా తిరుగుతుంటాను. ఆ ఒక్క సమయంలో మాత్రం పిల్లలు నోరారా నవ్వుతారు.

హెడ్మాస్టర్ ఉదయ్ భాస్కర్ గారు మంచివాడే కాని భయస్తుడు. మార్చిలో అందరూ పాసవ్వాలి, అంతే. "ఒక్కళ్ళు తప్పినా నాకు మెమో వస్తది మేడం, నాకొచ్చినంక మీకు రాకుండ ఉంటదా" అని రోజుకొకసారి గుర్తు చేస్తాడు.

అత్తయ్యా, నేను చెడ్డ టీచర్నేమో అని మొదటిసారి అనిపిస్తోంది. నిజంగా అనిపిస్తోంది. ఏం చెయ్యాలో రాయండి.

మీ
నాగలత


ఖమ్మం, మామిళ్ళగూడెం,
నవంబరు 18.

నాగలతకు,

నీ ఏడుపు ఉత్తరం అందింది. చదివి నవ్వుకున్నాను, కోపం తెచ్చుకోకు. నీ వయసులో ములకలపల్లి అవతల పనిచేస్తున్నప్పుడు నేనూ ఇలాగే ఏడ్చాను. అప్పుడు నాకు ఉత్తరం రాయడానికి రిటైరైన అత్త కూడా లేదు.

రెండు ముక్కలు చెబుతాను, విను. మొదటిది, ఆ పుస్తకం కాసేపు మూసెయ్. వాళ్ళ ఇళ్ళల్లో, చేలల్లో ఉన్న వస్తువుతో మొదలుపెట్టు. బోరు మోటారు, స్టార్టరు, తీగలు, వాళ్ళు రోజూ చూసేవి. ప్రశ్న అడిగిన పిల్లను పొగుడు, తప్పు ప్రశ్న అయినా సరే. ఒక్కరు నోరు విప్పితే మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే విప్పుతారు.

రెండోది, అన్నీ నువ్వే మోయకు. చురుకైన పిల్లనొకదాన్ని చూసి లీడర్‌ని చెయ్. బోర్డు, చాక్‌పీసులు, హోంవర్కు పుస్తకాలు, ఆలస్యంగా వచ్చేవాళ్ళ సంగతి, అన్నీ ఆ పిల్లకి అప్పగించు. లీడర్ని చేస్తే మొద్దు పిల్ల కూడా వెన్నెముక నిటారుగా పెట్టుకుని నడుస్తుంది. ముప్పై ఏళ్ళు నేను అలాగే నెట్టుకొచ్చాను.

మీ నాన్న వెంకటనారాయణ మొన్న వచ్చాడు. ఆ అడవిలో నువ్వు ఒక్కదానివే గది తీసుకుని ఉండటం ఆయనకి ఇష్టం లేదు. నేనే సర్ది చెప్పాను. సరిగా తిను.

దీవెనలతో
నిర్మలాదేవి


పాలమడుగు,
డిసెంబరు 12.

అత్తయ్యకు,

మీ నోట్లో పంచదార పోయాలి. నా పదో తరగతికి ప్రాణం వచ్చింది.

ముందు లీడర్ సంగతి. వాగు అవతల తండా నుంచి చాంది అనే పిల్ల వస్తుంది. బక్కపలచటి మనిషి, పెద్ద గొంతు. లీడర్‌గా ఉంటావా అంటే వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరినో అడుగుతున్నాననుకుని. ఇప్పుడు చూడాలి మీరు. నాకంటే ముందు బడికొస్తుంది. హోంవర్కు ఇవ్వనివాళ్ళను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. దాని బెంచీలోనే కూర్చునే హేమ్లా బాలి అనే పిల్ల, ఎవరితోనూ మాట్లాడనిది, చాంది అడిగితే మాత్రం లేచి జవాబు చెబుతోంది.

ఇక పాఠం. విద్యుత్తు మొదలుపెట్టాను, మీరు చెప్పినట్టే స్టార్టరు డబ్బాతో, పుస్తకం మూసి. అత్తయ్యా, మొదటి రోజే చాంది చెయ్యెత్తింది. ఇన్ని నెలల్లో ఈ తరగతిలో ఎత్తిన మొదటి చెయ్యి అది. "తడి నేల మీద కరెంటు ఎంత దూరం పాకుతది మేడం?" అని అడిగింది. నేను పొంగిపోయాను. మర్నాడు ఇంకో ప్రశ్న. పెద్ద జంతువుకి, చిన్న జంతువుకి ఒక్క తీరే తగులుతుందా అని. ఆ తర్వాత మగపిల్లలు అందుకున్నారు. చెప్పులుంటే ఏమవుతుంది, మనం ఎంత కరెంటు వాడుతున్నామో సబ్‌స్టేషన్లో తెలుస్తుందా, ఫ్యూజు ఎప్పుడు పోతుంది. గంట కొట్టినా లేవడం లేదు. ఏ పుస్తకంలోనూ లేని ప్రశ్నలు. నాకు తెలిసిందంతా బోర్డు మీద గీసి మరీ చెప్పాను. ఆ వారమంతా నిద్రపోయిన పిల్ల ఒక్కతీ లేదు.

ఇంకో విశేషం. చాంది తండ్రి రామ్‌సింగ్ బడికి వచ్చాడు. ఈ బడికి తల్లిదండ్రులు రావడమే వింత. కిటికీ బయట నిలబడి పాఠం కాసేపు విన్నాడు. పిలిస్తే లోపలికి రాలేదు. "మంచిగ చెప్తున్రు మేడం, మా పిల్ల ఇంటికొచ్చి మొత్తం చెప్తది" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా నేను నేల మీద నడవలేదు.

ఈ నెల నుంచి సాయంత్రం స్పెషల్ క్లాసులు పెట్టాను. పొద్దుగూకే ముందు వదిలేస్తున్నాను. తండా పిల్లలు వాగు దాటి మక్కచేల గట్ల మీదుగా పోతారు. అది దగ్గర దారి.

పిల్లలు పాఠం వింటుంటే ఇంత సుఖంగా ఉంటుందని మరిచిపోయాను. అంతా మీ చలవే.

మీ
నాగలత


ఖమ్మం,
డిసెంబరు 21.

నాగలతకు,

ఉత్తరం చదివాను. సంతోషించాను. మళ్ళీ చదివాను. ఈసారి సంతోషం కలగలేదు.

ఆ ప్రశ్నలు నాకు నచ్చలేదు. పొగడమని చెప్పింది నేనే, అయినా నచ్చలేదు. తడి నేల, పెద్ద జంతువు, సబ్‌స్టేషన్లో తెలుస్తుందా. పరీక్ష కోసం పిల్లలు ఇలా అడగరు. తండ్రి కిటికీ దగ్గర నిలబడి ఓమ్ నియమం వినడానికి వచ్చాడనుకున్నావా?

నువ్వు పట్నం చదువు చదివినదానివి. నేను ఆ అడవి పక్కనే పనిచేశాను. ఇప్పుడు మక్క కంకి పట్టే రోజులు. చేలల్లోకి పందులు దిగే రోజులు. అక్కడ కొందరు చేను చుట్టూ తీగ కట్టి కరెంటు వదులుతారు. తండాల వాళ్ళని అనడం లేదు. మన వైపు నుంచి వెళ్ళి భూములు కొన్నవాళ్ళూ కడతారు. మీ నాన్నే ఒక ఏడు కట్టబోతే నేను ఆయన గుమ్మంలో కూర్చుని అన్నం ముట్టనని మొండికేసి ఆపించాను. ఆ తీగకి పంది ఏదో మనిషి ఏదో తెలియదు.

ఆ పిల్లను పక్కకు పిలిచి, ప్రశ్న ఎందుకు అడిగిందో అడుగు. బెదిరించకు. అడిగి వెంటనే రాయి. ఆలస్యం చెయ్యకు తల్లీ.

నిర్మలాదేవి


పాలమడుగు,
జనవరి 6.

అత్తయ్యకు,

మీ అనుమానమే నిజం.

మీ ఉత్తరం అందిన రోజునే చాందిని అడిగాను. అబద్ధం చెప్పలేదు. అసలు దాచవలసిన సంగతని కూడా దానికి తోచినట్టు లేదు. "మా నాయిన అడుగుమన్నడు మేడం. అందరు పెడ్తున్నరు. మేం ఒక్కళ్ళం పెట్టకపోతె పందులన్ని మా చేన్లకే వస్తయ్" అంది. మగపిల్లలూ ఇళ్ళల్లో అడగమంటేనే అడిగారట. నేను బోర్డు మీద గీసిన బొమ్మలన్నీ ఎక్కడెక్కడికి వెళ్ళాయో ఇప్పుడు తెలిసింది. నా జీవితంలో ఇంత బాగా విన్న పాఠం ఇంకోటి లేదు.

ఆదివారం తండాకు వెళ్ళాను. రామ్‌సింగ్ మంచం వాల్చి కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. నేను కోపంగా వెళ్ళాను కాని ఆ చేను చూశాక కోపం నిలవలేదు. ఒక మూల అంతా తొక్కి, పెకిలించి, కంకులు కొరికి పడేశాయి. మనిషి ప్రాణం సంగతి చెప్పాను. తల వంచుకుని విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "పోయినేడు సగం చేను పోయింది మేడం. ఫారెస్టోళ్ళకు చెప్తె ఫోటోలు తీస్కపోయిన్రు, మల్ల రాలేదు. మీరు తీసెయ్‌మంటె తీసేస్త. కని మల్ల చేన్ల కావలి ఎవరుంటరు? చాందిని బడి మాన్పిచ్చి పెట్టాలె. మీరే చెప్పున్రి, ఏం జెయ్యమంటరు."

చాంది గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది.

హెడ్మాస్టర్ గారితో చెప్పాను. ఆయన ముందు తలుపు మూశాడు. "మనకెందుకు మేడం. కంప్లెయింట్ ఇస్తే రేపటిసంది తండా నుంచి ఒక్క పిల్ల రాదు. పరీక్షలైపోనియ్యండి, అప్పుడు చూద్దాం" అన్నాడు. తప్పని తెలుసు. కాని తండా పిల్లలు మానేస్తే పదో తరగతి మూడొంతులు ఖాళీ అవుతుంది. చాంది కూడా.

అందుకని ఒక ఏర్పాటు చేశాను. పిల్లలు ఇళ్ళకు చేరేదాకా తీగకు కరెంటు పెట్టకూడదు. పిల్లల దారికి అడ్డం వచ్చేది రామ్‌సింగ్ చేను తీగ ఒక్కటే. అతను ఒప్పుకున్నాడు, చాంది తలమీద చెయ్యి వేసి ఒట్టు పెట్టాడు. అయితే అతను ఒక్కోరోజు కూలికి కొత్తగూడెం పోతాడు. అప్పుడు అతని తమ్ముడు చూసుకుంటాడు. ఆ మనిషికి మాట మీద నిలకడ లేదని చాందే చెప్పింది. కాబట్టి రోజూ సాయంత్రం చాంది అందరికంటే ముందు నడుస్తుంది. చేను దగ్గర బాబాయిని కేక వేసి, తీగ లైను నుంచి విడదీసి ఉందని చూసుకుని చెయ్యి ఊపుతుంది. అప్పటిదాకా మిగతా పిల్లలు వాగు ఒడ్డునే ఆగాలి. రోడ్డు చుట్టి పోతే ఇల్లు చేరేసరికి చీకటి పడిపోతుంది, వేరే దారి లేదు.

"ఇది చాక్‌పీసుల లాంటి పని కాదు, జాగ్రత్త" అన్నాను. "నేను చూస్కుంట మేడం" అంది. లీడర్‌కి అప్పగించమన్నారు కదా మీరు. దానికి మించిన మనిషి నాకు ఇక్కడ లేదు.

పరీక్షలు అయ్యేదాకా. అంతే.

మీ
నాగలత


ఖమ్మం,
జనవరి 17.

నాగలతా,

ఏం పని చేశావే?

పెద్దవాళ్ళందరూ కలిసి చేసిన తప్పుకు ముందు నడవమని పదిహేనేళ్ళ పిల్లను పెట్టావా? తండ్రి, బాబాయి, హెడ్మాస్టరు, నువ్వు, నలుగురు ఉన్నారు. నలుగురూ వెనక ఆగారు, ఆ పిల్ల ముందు నడుస్తోంది. నేను లీడర్‌కి చాక్‌పీసులు అప్పగించమన్నాను. ప్రాణాలు కాదు.

ఇది మన వృత్తిలోనే ఉన్న పాడు అలవాటు. పని ఒకరికి అప్పగించి, రిజిస్టరులో టిక్కు పెట్టి, అయిపోయిందనుకుంటాం. నేనూ అలాగే బతికాను. అది నీకు నేర్పింది కూడా నేనే, ఆ బాధ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఈ ఉత్తరం అందిన రోజునే స్పెషల్ క్లాసులు ఆపెయ్. పరీక్ష తప్పితే మళ్ళీ రాస్తారు. ఆపలేకపోతే ఆ పిల్లల ముందు నువ్వు నడువు, చేతకాకపోతే హెడ్మాస్టర్ని నడిపించు. కరెంటు ఆఫీసుకి పోయి చెప్పు. పిల్లలు బడి మానేస్తారా, మానెయ్యనీ. ఇంట్లో కూర్చుని బతికి ఉంటారు కదా.

పక్కింటి అబ్బాయి అనిల్‌కుమార్ చేత నీకు ఫోన్ చేయించాను, పొద్దుటి నుంచి కలవలేదు. కరెంటు ఆఫీసుకి నేనే చెప్పిద్దామంటే ఏ తండానో, దాని పేరేమిటో నువ్వు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. వాగు అవతల తండా అంటావు, అంతే. మరిచిపోయావా, కావాలనే దాచావా? పాలమడుగు చుట్టూ ఎన్ని వాగులున్నాయో ఇక్కడి నుంచి నాకెలా తెలుస్తుంది?

వెంటనే జవాబు రాయి. కాదు, జవాబు రాయకు. ముందు వెళ్ళి ఆ పిల్లను వెనక్కి పిలువు.

నిర్మలాదేవి


పాలమడుగు,
జనవరి 19.

అత్తయ్యకు,

మీ జవాబు ఇంకా రాలేదు. కోపం వచ్చిందేమో అనుకుంటున్నాను. పోస్టు సంచీ జూలూరుపాడులోనే ఉండిపోయిందని కూడా అంటున్నారు. నా మనసు కుదుటపడటానికి నేనే ఇంకో ఉత్తరం రాస్తున్నాను.

అంతా సజావుగానే ఉంది. చాంది ఒక్క రోజూ మరవలేదు. పిల్లలు దాని మాట నా మాటకంటే బాగా వింటున్నారు. మొన్న ఒక్కరోజు మాత్రం మొహం పాలిపోయి బడికి వచ్చింది. ఏమైందంటే ఏం లేదు మేడం అంది. తర్వాత బాలి చెప్పింది. ముందురోజు రామ్‌సింగ్ ఊళ్ళో లేడు, తమ్ముడు పొద్దు ఉండగానే తీగ కలిపేశాడు. గట్టు మీద కుక్క ఒకటి చచ్చి పడి ఉండటం చూసి చాంది ఆగిపోయిందట. పిల్లలందరినీ వాగు దగ్గరే ఆపి, బాబాయి కోసం తండాదాకా చుట్టు దారిన పరుగెత్తి, తీయించి, మళ్ళీ వచ్చి తీసుకుపోయింది.

రామ్‌సింగ్‌కు గట్టిగా కబురు పెట్టాను. ఇక జరగదని మళ్ళీ ఒట్టు పెట్టాడు. తరగతిలో చాందిని ముందుకు పిలిచి మెచ్చుకున్నాను. అందరి చేతా చప్పట్లు కొట్టించాను. అది సిగ్గుపడి తల దించుకుంది కాని, ఆ రోజంతా చాలా సంతోషంగా ఉంది. బోర్డు రెండుసార్లు తుడిచింది.

వచ్చే వారం నుంచి ప్రీఫైనల్ పరీక్షలు. పైనుంచి తనిఖీకి వస్తారని హెడ్మాస్టర్ గారు హడావిడి పడుతున్నారు. ఈ నాలుగు రోజులు క్లాసు ఇంకొంచెం ఎక్కువసేపు ఉంచమన్నారు. సరే అన్నాను. బాలికి లెక్కలు ఇంకా రావడం లేదు, దానికి ఇంకాస్త సమయం కావాలి.

ఈ మధ్య సాయంత్రాలు కరెంటు ఊరికే పోతోంది. ఫోన్ వెలుతురులో లెక్కలు చెబుతున్నాను.

అత్తయ్యా, నేను తప్పు చేయడం లేదు కదా? ఒక్క మాట రాయండి.

మీ
నాగలత


పాలమడుగు,
ఫిబ్రవరి 3.

అత్తయ్యకు,

పేపర్లో చూసి ఉంటారు. చిన్న వార్త వేశారు. పేరు కూడా తప్పు వేశారు.

మీ ఉత్తరం చాంది పోయిన రెండో రోజు అందింది. ముందే అంది ఉంటే అని నేను అనను. అందినా పరీక్షలయ్యాక చూద్దాంలే అనుకునేదాన్నేమో. నన్ను నేను బాగా ఎరుగుదును ఇప్పుడు.

మీరు అడిగిన మాటకు జవాబు. తండా పేరు మరిచిపోలేదు. రాస్తే మీరు ఊరుకోరని తెలిసే రాయలేదు.

జరిగింది బాలి చెప్పినట్టు రాస్తున్నాను. ఆ రోజు క్లాసు ఆలస్యంగా వదిలాను. పిల్లలు వాగు దగ్గరికి చేరేసరికి మసక చీకటి. కరెంటు లేదు, తండా అంతా చీకటిగా ఉంది. చాంది ముందు నడిచి చేను దగ్గరికి పోయింది. తీగ లైనుకు కలిపే ఉంది. బాబాయిని కేక వేసింది, పలకలేదు. తండాదాకా చుట్టిపోయి తీసుకొద్దామంటే పూర్తిగా చీకటి పడుతుంది. వెనక, అక్కల కోసం బడిలోనే ఆగిపోయిన చిన్నపిల్లలు ఇంటికి పోదామని ఏడుస్తున్నారు. ఎట్లాగూ కరెంటు లేదు కదా అనుకుంది. దారికి అడ్డంగా ఉన్న తీగను చేత్తో పట్టి పైకెత్తి, రమ్మని రెండో చెయ్యి ఊపింది.

అప్పుడు కరెంటు వచ్చింది.

ఇక్కడ కరెంటు వస్తే పిల్లలు కేక వేస్తారు. మా చిన్నప్పుడు మేమూ వేసేవాళ్ళం. తండాలో లైట్లన్నీ ఒక్కసారి వెలిగేసరికి వాగు ఒడ్డున నిలబడ్డ పిల్లలందరూ "వచ్చిందోచ్" అని అరిచారట. బాలి కూడా అరిచింది. అరిచిన తర్వాత చాంది వైపు చూశారు.

బాలి ఇది నాకు చెప్పిన తర్వాత మళ్ళీ నోరు విప్పలేదు. బడికి వస్తోంది. కూర్చుంటోంది. అంతే.

ఆ మర్నాడే ఊళ్ళో ఒక మాట అనుకున్నారు. గాలికి లైను తెగి పడిందని చెబుదామని. హెడ్మాస్టర్ గారు నా దగ్గరికి వచ్చి, ఆ రోజు స్పెషల్ క్లాసు జరగలేదని నన్ను కూడా చెప్పమన్నారు. "పోయిన పిల్ల ఎట్లాగు రాదు మేడం. ఉన్నోళ్ళ బతుకులు చూడాలె" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి.

నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తీగ సంగతి నాకు తెలుసనీ, తెలిసీ చెప్పలేదనీ, ఆ పిల్లను ముందు నడవమని పెట్టింది నేనేననీ చెప్పాను. రామ్‌సింగ్‌నీ, తమ్ముడినీ తీసుకుపోయారు. రామ్‌సింగ్ కాదనలేదు. జీపు ఎక్కుతూ నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బాగుండేది, దండం పెట్టాడు. నా మీద ఎంక్వయిరీ వేశారు, దానికి నాకు బాధ లేదు. వాగు అవతలి పిల్లల్లో బాలి, ఇంకో ఇద్దరు తప్ప ఎవరూ రావడం లేదు. స్పెషల్ క్లాసులు ఆపేశాను. వచ్చే ముగ్గురినీ నేనే రోడ్డు చుట్టి ఇంటిదాకా దించి వస్తున్నాను. నేను ముందు నడుస్తాను. ఈ మాట మీకు రాయడానికి నాకు ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.

వీరన్న అనే లైన్‌మన్ వచ్చి చేలన్నీ తిరిగి తీగలు తీసేశాడు. అతను అటు పోగానే రెండు చేలల్లో మళ్ళీ గుంజలు పాతారు. మళ్ళీ వెళ్ళి చెప్పి వచ్చాను. పందులు వస్తూనే ఉన్నాయి. చెప్పడం నేనూ మానను.

నిన్న చాంది తల్లి బడికి వచ్చింది. నేను తరగతిలో ఉన్నాను. ఆమెను చూసి లేచి నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆమె గుమ్మం దగ్గరే ఆగి, తరగతి అంతా ఒకసారి చూసి, కూతురు కూర్చునే బెంచీ ఏదో అడిగింది. చూపించాను. పోయి దాని మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. బాలి తల వంచుకుని పక్కకు జరిగింది. వెళ్ళబోతూ నా దగ్గర ఆగి నెమ్మదిగా అడిగింది.

"మీరు అప్పజెప్పిన పని నా బిడ్డె మంచిగ చేసిందా మేడం?"

చేసిందమ్మా అన్నాను.

ఆమె తల ఊపింది. "ఇంట్ల మేం ఏం జెప్పినా ఇనకపోతుండె. మీరు చెప్తె ఇన్నది" అని కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

నాగలత